కుట్టని ఫారం

టోకెన్ మీద నలభై ఒకటి, గోడ మీది బోర్డులో ఇరవై ఎనిమిది, మధ్యలో పన్నెండు మంది, మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా గంట పట్టేలా ఉంది. మూడు వారాలుగా తెమలని సంగతి ఈ గంటలో తెమలాలి. తెమలకపోతే ఆ డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని, ఏమనుకున్నారమ్మా అని మళ్ళీ అడుగుతాడు, తను మళ్ళీ నేల వంక చూస్తుంది, పక్కనున్న ఆడబిడ్డ మళ్ళీ తన తరఫున జవాబు చెప్పేస్తుంది. ఈసారి అలా జరగడానికి వీల్లేదు. ఆమె చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది. లాక్కోగానే, వదులు గౌను కింద పొట్టకి కుడిపక్క అతికించుకున్న ఇంకో సంచి వెచ్చగా తొడకి తగిలింది. పావు వంతు నిండినట్టుంది. ఇంకాసేపు ఆగొచ్చు. నాలుగు కుర్చీలు ఒకే ఇనప కమ్మీకి బిగించి ఉన్నాయి, చివర కూర్చున్న లావుపాటాయన కాలు ఊపినప్పుడల్లా మిగతా ముగ్గురూ ఊగుతున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. ఆస్పత్రికి వస్తే చాలు, మనిషికి ఎక్కడలేని ఓర్పూ వస్తుంది, ఇంట్లో ఇదే ఊపుడు అయితే ఈపాటికి యుద్ధం అయిపోయేది.

నాలుగేళ్ళ కిందట ఆమె పెద్దపేగు పుళ్ళు పడి, ఉబ్బి, పగిలేంత పనైంది. స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే పైకప్పు దీపాలు ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టింది, ఏడో దీపం తర్వాత ఏమీ లేదు. కళ్ళు తెరిచేసరికి పెద్దపేగు లేదు. చిన్నపేగు కొసని పొట్టలోంచి బయటికి లాగి, మడిచి, చర్మానికి కుట్టేశారు. ఎర్రగా, తడిగా, నాలుక కొసలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు, కానీ దానిష్టం వచ్చినప్పుడు కదులుతుంది, ముడుచుకుంటుంది, పనిచేస్తుంది, ఆపుదామంటే ఆగదు. దానికి చంటిది అని పేరు పెట్టింది ఆడబిడ్డ. వేళాపాళా లేదు, నలుగురిలో పరువు తీస్తుంది, పాలు తాగినట్టు తాగి అప్పుడే బయటికి పంపిస్తుంది, చంటిది కాకపోతే ఏమిటి అంది. అప్పటినుంచి ఇంట్లో అదే మాట. చంటిది పడుకుందా. చంటిది ఇవాళ అలిగిందా. ఒకసారి గ్రంథాలయంలో, పేజీ తిప్పితే వినిపించేంత నిశ్శబ్దంలో, అది బుడబుడమని రెండు నిమిషాల పాటు ఉపన్యాసం ఇచ్చింది. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్ల తలెత్తి చూసింది. ఆమె తన పుస్తకాన్నే కోపంగా చూసింది, అదే శబ్దం చేసినట్టు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ వేళ ఇంటికొచ్చి, ఇక గడప దాటనని తీర్మానించుకుంది. మూడో రోజుకి చదవడానికి ఏమీ లేక మళ్ళీ వెళ్ళింది. అసలు తంటా శబ్దంతో కాదు. ప్రాణం మీదికొచ్చిన హడావుడిలో కుట్టారు కాబట్టి అది పొట్ట మడతలో పడింది. కూర్చుంటే మడత పడుతుంది, మడత పడితే సంచి పట్టీ అంచు లేస్తుంది, అంచు లేస్తే కారుతుంది, కారితే చర్మం కారం రాసినట్టు మండుతుంది. మధ్యలో పేగులు మెలిపడితే ఇంకోసారి కోశారు. అంటే రెండుసార్లు. ఇప్పుడు మూడోసారి మాట వచ్చింది.

మూడోసారి మాట రావడానికి కారణం కింది ముక్క. పెద్దపేగంతా తీసేసినా చిట్టచివర బెత్తెడు ముక్క లోపల వదిలేశారు, తర్వాత ఎప్పుడైనా చిన్నపేగుని దానికి కలపొచ్చని. ఆ 'ఎప్పుడైనా' అన్న మాటని పట్టుకునే ఆమె నాలుగేళ్ళు బతికింది. ఎవరడిగినా ఇది తాత్కాలికం అని చెప్పింది. సంచులూ పట్టీలూ బీరువాలో పెట్టుకోకుండా మంచం కింద ప్రయాణాల పెట్టెలో పెట్టుకుంది, రేపో మాపో దిగిపోయే స్టేషన్‌లో సామాను విప్పుకుంటామా ఎవరమైనా. పోయిన నెల ఆ కింది ముక్కలోంచి చిటికెడు గిల్లి పరీక్షకి పంపితే, ఇంకా క్యాన్సరు కాదుగానీ ఆ దారి పట్టిందని వచ్చింది. డాక్టరు చీటీ వెనక బొమ్మ గీసి నెమ్మదిగా చెప్పాడు, చెప్పడంలో మంచివాడే. కలపమంటే కలుపుతాను, కానీ పాడవుతున్న ఆ ముక్కకే కలపాలి, రోజుకి పది పన్నెండుసార్లు పరుగెత్తాలి, నిద్రలో ఆగకపోవచ్చు, జబ్బు భయం అలాగే ఉంటుంది. తీసేయమంటే తీసేసి కింద దారి కుట్టేస్తాను, ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు, ఇక బతికినన్నాళ్ళూ సంచే. ఏదీ వద్దంటే ఆర్నెల్లకోసారి గొట్టం వేసి చూసుకుంటూ కూర్చుందాం. మీ వయసుకి మూడింట్లోనూ ప్రమాదం ఉంది, ఎంచుకోవాల్సింది మీరు. అరవై తొమ్మిదేళ్ళలో, ఎంచుకోవాల్సింది నువ్వు అని ఎవరైనా అన్న గుర్తు ఆమెకి లేదు.

విచిత్రం ఏమిటంటే ఆ కింది ముక్కకి సంగతి తెలియదు. పైనుంచి దారి తెగిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. రోజుకోసారి, ఒక్కోసారి రెండుసార్లు, వెళ్ళాలి వెళ్ళాలి అని తొందరపెడుతుంది, మునుపటి లాగే. ఆమె వెళ్ళి కూర్చుంటుంది. ఏమీ రాదు, కాస్త జిగురు తప్ప. బస్సు రద్దయిందని తెలియని మనిషి మూటాముల్లె సర్దుకుని రోడ్డు పక్కన నిలబడ్డట్టు అది నాలుగేళ్ళుగా నిలబడే ఉంది. దాని మీద ఆమెకి జాలి. జాలేమిటి, తనూ అలాంటి మనిషే కదా. వెళ్ళొస్తానన్న వాళ్ళందరి కోసం నిలబడిపోయిన మనిషి. అమ్మ పోయినప్పుడు తను బైండింగ్ షాపు పనిలో ఉంది, చేతులు మోచేతుల దాకా జిగురు, కడుక్కుని వెళ్ళేసరికి ఇంటి ముందు చెప్పులు, చెప్పులు, చెప్పులు. పక్క బల్ల మీద పదకొండేళ్ళు కలిసి పుస్తకాలు కుట్టిన పొడుగుపిల్ల పెళ్ళయి వెళ్ళిపోతూ, వెళ్ళొస్తానే అంటే, లెక్క తప్పుతుందని తలెత్తకుండా సరేనంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది అని లోపల లెక్కపెట్టుకుంటూ. ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది, ఆ పిల్ల ఆ రోజు ఏ రంగు బట్టలు కట్టుకుందో గుర్తులేదు. కట్టుకున్న ఆయన ఇలాంటి ఆస్పత్రిలోనే పోయాడు, వేడినీళ్ళు కావాలంటే ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగింది, ముందు ఇద్దరున్నారు, నిలబడింది, పట్టుకుని పైకి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేస్తున్నారు. ఫ్లాస్కు నీళ్ళు మర్నాటి దాకా వేడిగానే ఉన్నాయి. అంతెందుకు, అరవై ఐదేళ్ళు తన ఒంట్లో ఉండి తన తిండి తిన్న పెద్దపేగు పోయిన సంగతే రెండు రోజుల తర్వాత తెలిసింది. ఒక్క వీడ్కోలుకీ ఆమె ఎదురుగా లేదు.

బోర్డు ముప్పై మూడు అంది. లావుపాటాయన లేచాడు, కుర్చీలు ఒక్కసారి పైకి తేలినట్టయింది. బైండింగ్ షాపులో ఆమె చేరింది పద్నాలుగేళ్ళప్పుడు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీలయ్యేలా మడవాలి, అలా మడిచిన దాన్ని ఫారం అంటారు, ఫారాలన్నీ వరస పేర్చి దారంతో కుడితే పుస్తకం. చదువు రాదు. అడుగున ఉన్న అంకె గుర్తుపట్టి వరస పెడితే చాలు, అక్షరంతో పని లేదు. కానీ మధ్యాహ్నం తిండి వేళ అందరూ కునుకుతుంటే, చెడిపోయిన ఫారాలు పరుచుకుని కూర్చునేది, ఒక్కో అక్షరం పొడుగుపిల్లని అడిగి, అడిగి, కూడబలుక్కుని. అలా వచ్చింది చదువు. అందుకే ఆమె చదివిన కథలకి మొదలూ చివరా ఉండేవి కావు, ఏ ఫారం చెడితే ఆ ఫారమే కథ. ఒక నవల్లో ఆమెకి దొరికింది తొమ్మిదో ఫారం. ఒకాయన రైలెక్కుతాడు, భార్య ప్లాట్‌ఫారం మీద ఉంటుంది, రైలు కదులుతుంది, ఫారం అయిపోతుంది. ముప్పై ఏళ్ళు ఆ కథ అంతేననుకుంది. వంట చేస్తూ ఆ భార్య గురించి బెంగపడేది, ఇప్పుడెక్కడుందో, ఇంటికి చేరిందో లేదో. గ్రంథాలయంలో పూర్తి పుస్తకం కంటబడినప్పుడు నిలబడే తిరగేసింది. పదో ఫారం మొదట్లోనే ఆ మహానుభావుడు గొడుగు మర్చిపోయానని తరవాతి స్టేషన్‌లో దిగి వచ్చేస్తాడు. సంతోషించాల్సింది. ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళ బెంగ ఒక గొడుగు కోసమా.

"చంటిది పడుకుందా వదినా?" అంది ఆడబిడ్డ, దారప్పోగు పంటితో తెంపుతూ. ఆవిడ ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. ఆయన చెల్లెలు, ఈమె కన్నా ఐదేళ్ళు చిన్న, తన మొగుడు పోయాక గౌన్లు కుట్టే మిషను ఒకటి నెత్తిన పెట్టుకుని ఈ ఇంటికి వచ్చేసింది. సంచి కనపడకుండా లోపలి జేబున్న గౌన్లు ఆవిడ చేతి పనే.

"మెలకువగానే ఉంది. పెద్దల మాటలు వింటోంది."

"విననీ. లోపలికెళ్ళాక నువ్వు నోరు విప్పి కలిపేయమని చెప్పు. లేదా నేను చెప్తాను."

"పన్నెండుసార్లు నువ్వు పరుగెత్తుతావటే నా బదులు?"

"అవన్నీ వాళ్ళు ముందుజాగ్రత్తకి చెప్పే మాటలు. మనిషన్నాక మునుపటి లాగా ఉండాలి వదినా. ఎన్నాళ్ళిలా."

"మునుపు ఎలా ఉండేదాన్నో మర్చిపోయావు. రక్తం పోతూ పన్నెండుసార్లు పరుగెత్తేదాన్ని."

ఆడబిడ్డ సూది గుడ్డలో గుచ్చి కుట్టడం ఆపేసింది. తర్వాత గొంతు తగ్గించి, "పోనీ ఏదీ వద్దను," అంది. "ఇలాగే ఉండిపోదాం. నీకేం, మత్తిస్తే హాయిగా పడుకుంటావు. ఆ తలుపు బయట కూర్చునేది నేను. అన్నయ్యప్పుడు ఒకసారి, నీకు రెండుసార్లు. నాకిక ఓపిక లేదు."

నిజమే, వెళ్ళిపోయే వాళ్ళ కష్టం ఒకటైతే తలుపు బయట కూర్చునే వాళ్ళది ఇంకొకటి, ఆ కుర్చీ ఎలా ఉంటుందో తనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు. ఈ ఆడమనిషి కోసమైనా ఊరుకుంటే. ఆర్నెల్లకోసారి గొట్టం, ఆ పరీక్ష చీటీ వచ్చేదాకా పది రోజులు నిద్రుండదు, రాగానే ఇంకో ఆర్నెల్లు ఊపిరి, అలా గడిపేస్తే. ఎంతమంది గడిపేయడం లేదు. అప్పుడు ఆ నిఘంటువు గుర్తొచ్చింది, ఎందుకు గుర్తొచ్చిందో, ఆడబిడ్డ చేతిలో సూది ఆగిపోవడం చూసి కాబోలు. ఒక ముసలాయన మళ్ళీ కుట్టించుకోడానికి షాపుకి తెచ్చాడు, వాళ్ళ నాన్న వాడిన లావుపాటి నిఘంటువు, అంచుల నిండా పెన్సిల్‌తో సన్నగా రాసుకున్న మాటలు. విప్పి చూస్తే ఏడో ఫారం చెమ్మపట్టి మడత దగ్గర పుచ్చిపోయింది, సూది దించితే పొడి రాలుతోంది. తీసి పక్కన పెట్టు, ఆ చోట తెల్లకాగితం వేసి కుట్టు అన్నాడు మేస్త్రి. ఆమెకి చేతులు రాలేదు. ఎవరి నాన్నో రాసుకున్న మాటలు. మేస్త్రి అటు తిరగగానే ఆ ఫారాన్ని కుట్టకుండా, వెన్ను దగ్గర కాస్త జిగురు పూసి, ఆరుకీ ఎనిమిదికీ మధ్య దోపేసింది. చూడ్డానికి నిండుగా ఉంది పుస్తకం. ఒక వానాకాలం తిరిగేసరికి వెనక్కి వచ్చింది. ఏడులోని బూజు ఆరుకీ ఎనిమిదికీ పాకి, ఐదునీ తొమ్మిదినీ అంటుకుంది, ముసలాయన రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు, తిట్టలేదు, తిడితే బాగుండేది. మేస్త్రి ఒక్కటే అన్నాడు: జాలిపడ్డావు సరే, పక్క ఫారాల మీద ఎందుకు పడలేదు?

తను పుస్తకం కాదు, ఆ మాత్రం ఆమెకీ తెలుసు. పుస్తకానికి మత్తివ్వక్కర్లేదు, కుట్టు పడ్డాక నెలల తరబడి ఒక పక్కకే పడుకోమని దానికెవరూ చెప్పరు, కుట్లు విడిపోతాయేమోనని అది భయపడదు. తను భయపడుతుంది. మత్తులోంచి లేవనేమోనని, లేచాక కూర్చోలేనేమోనని, కూర్చోలేకపోతే చదవడం ఎలాగని, పడుకుని చదివితే చేతులు లాగుతాయని, చదవకపోతే ఆ మధ్యాహ్నాలన్నీ ఎలా గడుస్తాయని, ఆడబిడ్డకి నడుంనొప్పి, ఎవరు లేపుతారని. ఒక్కో భయాన్నీ ఆమె బయటికి తీసి చూసింది, కాగితాలు ఒక్కొక్కటిగా ఎత్తి వెలుతురుకి పట్టి చూసే అలవాటు చొప్పున. అన్నీ నిజం భయాలే. ఒక్కటీ కింది ముక్కని ఉంచుకోడానికి కారణం కాదు. ఉంచుకున్నది దేనికంటే, తీసేస్తే తిరిగి వెళ్ళే దారి ఉండదని. అంతే. ఆ దారిన తను ఎటూ వెళ్ళడం లేదు, వెళ్ళాలని కూడా లేదు, దారి మాత్రం ఉండాలి. మూసేసిన తలుపు ముందు నిలబడడం ఈ జన్మకి చాలనుకుంది కాబట్టి ఒక్క తలుపైనా తెరిచి ఉంచుకుంది, ఆ తెరిచిన తలుపులోంచే ఇప్పుడు చెడుగాలి వస్తోంది. పక్కన ఏమేం ఉన్నాయి దానికి? మూత్రసంచి, గర్భసంచి, వెన్ను. చంటిది. ఈ సూదిమనిషి. ఇంకా చదవని అర బీరువా పుస్తకాలు. వాటి మీద జాలిపడొద్దూ.

సగం నిండింది. ఆమె లేచి ఆడవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్ళింది, వంగి, సంచి కొస విప్పి, ఖాళీ చేసి, తుడిచి, మడిచి, బిగించింది, నాలుగేళ్ళలో చేతులు ఎంత నేర్చాయో, చూడకుండా చేసేస్తున్నాయి. లేవబోతుంటే కింది ముక్క తొందరపెట్టింది. వెళ్ళాలి, వెళ్ళాలి. మామూలుగా అయితే విసుక్కునేది. ఇవాళ మళ్ళీ కూర్చుంది. పక్క గదిలో ఎవరో కుళాయి తిప్పారు, నీళ్ళ చప్పుడు పెద్దగా వస్తోంది, తన మాట ఎవరికీ వినిపించదు. "నీ బస్సు ఇక రాదమ్మా," అంది కింది ముక్కతో. "నాకు నాలుగేళ్ళ కిందటే తెలుసు, నీకు చెప్పలేదు. తప్పు నాదే." ఏం జవాబొస్తుంది. కాస్త నొప్పి, కాస్త జిగురు. అయినా ఆమె తొందరపడలేదు, కుళాయి చప్పుడు ఆగేదాకా కూర్చుంది, దాని పక్కన కూర్చున్నట్టే. అమ్మ పక్కన కూర్చోలేదు, ఆయన పక్కన ఆ ఆఖరి పావుగంట కూర్చోలేదు. చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకుంది. ముఖం కడిగిన పలకలా ఉంది. ఏడుస్తానేమో అనుకుంది గానీ ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

నలభై ఒకటి అని బోర్డు మీద పడేసరికి ఆడబిడ్డ ముందు లేచింది. ఆమె ఆవిడ భుజం మీద చెయ్యేసి ఆపింది, తనే ముందు నడిచింది, తనే కుర్చీ లాక్కుంది. డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకోక ముందే, "తీసేయండి," అంది. "కలపొద్దు. కింది ముక్క తీసేసి కుట్టేయండి."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇంక వెనక్కి రావడం ఉండదమ్మా. తెలుసు కదా."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను. నేను మత్తులోకి పోకముందు ఒకసారి చెప్పండి, ఇప్పుడు తీస్తున్నామని. మొదటిసారి నాకెవరూ చెప్పలేదు."

"చెప్తాను," అన్నాడాయన, రాసుకుంటూ. ఆ మాట కూడా రాసుకున్నాడు, ఆమె తలకిందులుగా ఉన్న అక్షరాలు చదివి చూసుకుంది. ఎన్ని గంటలు పడుతుంది, ఎన్నాళ్ళు ఇక్కడుండాలి, ఎప్పటికి కూర్చోవచ్చు అన్నీ అడిగింది. ఆడబిడ్డ గౌను గుడ్డని ఒళ్ళో పెట్టుకుని మడత మీద మడత వేస్తూ కూర్చుంది. "ఎలాగూ కోస్తున్నాం కాబట్టి పైదాన్ని కూడా ఆ మడతలోంచి తీసి మంచి చోటికి మారుస్తాను. ఎక్కడ కావాలో నర్సమ్మతో మాట్లాడుకుని గుర్తు పెట్టించుకోండి," అన్నాడు డాక్టరు.

సంచుల సంగతి చూసే నర్సు పక్క గదిలోకి తీసుకెళ్ళి, గౌను పైకెత్తించి, నల్ల మార్కరు తీసింది. నిలబడమంది, కూర్చోమంది, వంగమంది, పడుకోమంది. ఎడమపక్క బొడ్డుకి కాస్త కింద ఒక చుక్క పెట్టి, "ఇది మీకు కనిపిస్తోందా?" అంది.

"పడుకుంటే కనిపిస్తోంది. కూర్చుంటే లేదు. నేను రోజంతా కూర్చునే మనిషిని తల్లీ, పుస్తకం మీదికి వంగి."

నర్సు ఆ చుక్కని స్పిరిట్ దూదితో తుడిచి రెండు వేళ్ళ ఎత్తు పైకి ఇంకోటి పెట్టింది. ఆమె కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పుస్తకం ఉన్నట్టు వంగి చూసింది. కనిపిస్తోంది, బాగానే ఉంది అనబోతుండగా, గుమ్మం దగ్గర అలిగినట్టు నిలబడ్డ ఆడబిడ్డ గుడ్డ పక్కన పడేసి వచ్చింది. చల్లటి బొటనవేలు ఆమె పొట్ట మీద ఆనించి, జాన చాచి, నడుం దాకా కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"అక్కడ పెడితే నడుం పట్టీ సరిగ్గా దాని నెత్తిన పడుతుంది," అంది నర్సుతో, కళ్ళెత్తకుండా. "ఇంకో వేలు పక్కకి జరపండి. జేబు ఎడమకి నేను మార్చుకుంటాను. ఉన్న ఆరు గౌన్లూ విప్పాలి. ఎప్పుడన్నారు, గురువారమా?"

"గురువారం," అంది నర్సు.

"వారం కూడా లేదు." ఆవిడ వేలు తీయలేదు. "ఇక్కడ పెట్టు వదినా. నా వేలు తీయకముందే పెట్టేయ్."

ఆమె నర్సు చేతిలోంచి మార్కరు తీసుకుంది, ఆడబిడ్డ వేలి కొసకి ఆనించి, గట్టిగా నొక్కి చుక్క పెట్టింది.